పొట్లంలోని వెంట్రుక

పోయిన వారం మీరు నన్ను డాక్టర్ల ఆఫీసు మెట్ల మీద వదిలేసి వెళ్లిపోయారు. నా చేతిసంచిలో కాగితం పొట్లం, ఆ పొట్లంలో ఒక వెంట్రుక. మా ఆయన ప్యాంటు మడతలో దొరికిన వెంట్రుక. వేలెడు పొడవు, బంగారు రంగు, చివర కాస్త వంపు. నా జుట్టు నల్లగా ఉంటుంది. ఆయనకు జుట్టే లేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. అద్దాలు మనిషి కళ్లకు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడటం నా పని. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. నాకు భూతద్దం అని పేరు పెట్టింది ఆయనే. పెళ్లైన కొత్తలో ముద్దుగా పిలిచేవాడు, ఈమధ్య పళ్లు నూరుతూ పిలుస్తున్నాడు. మాకు ఒక్కతే కూతురు, దాన్ని మేం పిడుగు అంటాం. అది కాలేజీ హాస్టలుకు వెళ్లిన దగ్గర్నుంచి ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. బుధవారం మధ్యాహ్నాలు డ్యూటీ ఉందని చెప్పి ఆయన ఇంకెక్కడికో వెళ్తున్నాడని నేను కనిపెట్టాను. నేనూ ఏదో దాస్తున్నానని ఆయన అన్నాడు. మాటా మాటా పెరిగి, ఆయన బట్టలు సర్దుకుని కంపెనీ స్టోరు పైనున్న గదికి మారిపోయాడు. ఇవాళ అటో ఇటో తేలాలి. ఆయన ఇంటికి తిరిగి రావాలి, లేదంటే ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లాలి.

తేల్చుకోవడానికి వచ్చిన చోటేమో ఇది. కింద టైర్ల షాపు, పైన డాక్టర్లు. మందులిచ్చే డాక్టర్లు కారు, మాటల డాక్టర్లు. వీళ్ల పద్ధతే వేరు. మా ఆయనకు ఒక డాక్టరు, నాకు ఒక డాక్టరు. ఎవరి డాక్టరుతో వాళ్లు విడిగా మాట్లాడుకోవాలి. వారం చివర నలుగురమూ ఒకే గదిలో కూర్చోవాలి. ఆయన మాట్లాడేది పెద్ద డాక్టరమ్మతో, నేను మాట్లాడేది గడ్డం డాక్టరుతో. దీనికి మా ఆయన నలుగురెక్కే లిఫ్టు అని పేరు పెట్టాడు. ఎక్కడమైతే ఎక్కాం, ఇంతవరకు ఒక్క అంతస్తూ కదల్లేదు.

ఇంకో మాట. గడ్డం డాక్టరుకు నేనొక రహస్యం చెప్పాను. మీకు ఇంతవరకు చెప్పలేదు. నొచ్చుకోకండి, నా వంతు వచ్చినప్పుడు చెప్తాను.

మెట్లెక్కి పైకి వెళ్లేసరికి మా ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చెవి తలుపు వైపు పెట్టాడు. లిఫ్టు చప్పుడు విని రోగం చెప్పే మనిషి, తలుపు వెనక మాటలు వినడం ఆయనకొక లెక్కా! నన్ను చూసి వేలు పెదవి మీద పెట్టుకున్నాడు.

"లోపల పోట్లాడుకుంటున్నారు" అన్నాడు గుసగుసగా.

"ఎవరు?"

"ఇంకెవరు, మన డాక్టర్లే."

నాకు ఆయన మీద ఎంత కోపమున్నా ఇలాంటి మాట చెవిన పడితే కాళ్లు ఆగవు. వెళ్లి పక్కన కూర్చున్నాను. కింద గాలి కొట్టే మిషను చప్పుడు ఆగినప్పుడల్లా లోపలి మాటలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయి. "మీరు నా దగ్గర దాచారు" అంటోంది పెద్ద డాక్టరమ్మ. "దాచింది నేనొక్కణ్నేనా?" అంటున్నాడు గడ్డం డాక్టరు.

"వీళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలంటావా?" అన్నాడు మా ఆయన.

"ఛ. మొగుడూ పెళ్లాలైతే మీరు, గారు అంటూ ఇంత మర్యాదగా పోట్లాడుకుంటారా?"

ఆయన చేత్తో నోరు మూసుకుని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని మూడో మనిషి గుట్టు వింటున్నామని అప్పుడు గమనించాను. చాలా రోజుల తర్వాత మేమిద్దరం ఒక పక్షాన ఉన్నాం. వెంటనే నాకు పొట్లం గుర్తొచ్చింది. కొంచెం దూరం జరిగి కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది.

ఎప్పుడూ ఆ డాక్టర్లిద్దరి కుర్చీలూ పక్కపక్కనే ఉంటాయి, మావి వాళ్లకెదురుగా. ఇవాళ డాక్టరమ్మ కుర్చీ కిటికీ దగ్గరికి జరిగింది, గడ్డం డాక్టరు కుర్చీ తలుపు దగ్గర ఉంది. రెండు కళ్ల మధ్య దూరం కొలిచి అద్దాలు కూర్చేదాన్ని నేను. కాస్త తేడా వచ్చినా మనిషికి తలనొప్పి పట్టుకుంటుందని తెలుసు. ఈ రెండు కుర్చీల మధ్య ఇంత దూరం చూసేసరికి నా కణతలు లాగడం మొదలైంది.

మా ఆయన కూర్చోగానే జేబులోంచి తాళంచెవి తీసి టీపాయ్ మీద పెట్టాడు. "ఇవాళ తేలిపోతే నాకూ నిద్ర పడుతుంది" అన్నాడు.

నేను పొట్లం తీసి దాని పక్కన పెట్టాను. మడత విప్పాను.

"ఏమిటిది?" అంది డాక్టరమ్మ.

"మీరు కాదు, ఆయన చెప్పాలి."

మా ఆయన ముందుకు వంగి చూశాడు. "ఇదెక్కడిది?"

"మీరు ఇంట్లో వదిలేసి వెళ్లిన ప్యాంటు మడతలోది. బుధవారంనాడు వేసుకున్న ప్యాంటు. షాపులో పెద్ద అద్దం కింద పెట్టి చూశాను. పొట్టిగా కత్తిరించుకున్న జుట్టు, రంగేసిన జుట్టు. మొదట్లో ఒక రంగు, చివర్లో ఒక రంగు. నా కళ్లు మోసపోవు."

ఆయన బుకాయిస్తాడనుకున్నాను, అరుస్తాడనుకున్నాను. రెండూ చెయ్యలేదు. తలెత్తి డాక్టరమ్మ వైపు చూశాడు. బడిలో తప్పు చేసిన పిల్లాడు తల్లి వైపు చూసినట్టు చూశాడు. ఆవిడ తల దించుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

నాకు ఒళ్లు భగ్గుమంది. ఆవిడకు తెలుసు. ఆ బంగారు జుట్టుది ఎవరో, ఎక్కడుంటుందో అంతా తెలుసు. తెలిసి కూడా ఇన్ని వారాలుగా నా ఎదురుగా కూర్చుని "మీకెలా అనిపించింది, మీకెలా అనిపించింది" అని అడుగుతూ వచ్చింది.

"డాక్టరుగారూ" అన్నాను గడ్డం డాక్టరుతో. "ఆవిడ మీకైనా చెప్పిందా?"

"లేదు" అన్నాడాయన. ఆ ఒక్క మాటలోనే బోలెడంత ఉక్రోషం వినిపించింది.

"మీరూ నాకొకటి చెప్పలేదు కదా" అంది డాక్టరమ్మ వెంటనే.

"అది వేరు."

"ఎలా వేరు?"

మా ఆయన నన్ను మోచేత్తో పొడిచాడు. "ఇది మన మాటే. అచ్చం మన వంటింట్లో మాటే" అన్నాడు మెల్లగా.

ఆ మాట డాక్టరమ్మకు వినపడింది. ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. కింద ఎవరో టైరు దొర్లించుకుంటూ వెళ్లారు.

"ఆయన సరిగ్గా పట్టుకున్నారు" అంది చివరికి. "మేమిద్దరం చాలా ఏళ్లుగా కలిసి పనిచేస్తున్నాం. ఒకరి దగ్గర ఒకరం ఏదీ దాచుకోలేదు. మీతో పని మొదలుపెట్టాక ఏమైందో చెప్పమంటారా? వీరి ఫోను మోగితే ఎవరా అని నేను తొంగి చూస్తున్నాను. నేను బయటికెళ్తే ఎక్కడికని వీరు అడుగుతున్నారు. మాకు ఈ అలవాటు లేదు. ఇది మీ ఇంట్లోంచి మా గదిలోకి వచ్చింది."

"అంటే మాదేమైనా అంటుజబ్బా?" అన్నాను. నిజంగానే కోపమొచ్చింది.

"నింద వెయ్యడం లేదమ్మా" అన్నాడు గడ్డం డాక్టరు. "తప్పు మాది. ఇక్కడ ఒకరికి చెప్పింది ఇద్దరికీ చెప్పినట్టేనని మొదటిరోజే చెప్పాం, గుర్తుందా? కానీ మీరొచ్చి, ఆ డాక్టరుకు కూడా చెప్పొద్దు అంటూ ఒక మాట నా చేతిలో పెట్టారు. మీవారు ఈవిడ చేతిలో ఇంకో మాట పెట్టారు. మేం వద్దనాల్సింది. జాలిపడి పుచ్చుకున్నాం. ఆ రోజు నుంచి మేం ఒకరి మొహం ఒకరం సరిగ్గా చూసుకోలేకపోతున్నాం."

"పొద్దున ఇద్దరం కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాం" అంది డాక్టరమ్మ. "మా ఇద్దరి దగ్గరా ఒక్కోటి ఉందని మాత్రం ఒప్పుకున్నాం. అవేమిటో చెప్పుకోలేదు. అవి మీవి. ఇవాళ మీరే ఇక్కడ పెట్టాలి. పెట్టకపోతే మేం ఈ పని ఆపేస్తాం."

ఎవరు ముందు? నేను ఆయన వైపు చూశాను, ఆయన నా వైపు చూశాడు. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో నడుస్తున్న పోటీ ఇదే. ముందు దిగొచ్చేది ఎవరు?

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. గ్రీజు ఎంత కడిగినా గీతల్లో మిగిలిపోయే చేతులు.

"బుధవారాలు నేను పిడుగు దగ్గరికి వెళ్తున్నా" అన్నాడు.

"కాలేజీకా?"

"కాలేజీ ఎక్కడిది? మానేసి కూర్చుంది. కుక్కల ఆసుపత్రిలో పనికి చేరింది. వాటికి స్నానాలు చేయించడం, కట్లు మార్చడం. వెళ్లి చూసొస్తున్నా. నీకు తెలిస్తే ఇక నా మొహం చూడనని ఒట్టు వేయించుకుంది. నీ గుండె ఆగిపోతుందని భయపెట్టింది."

నా గుండె ఆగలేదు. నోరు మాత్రం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఎందుకంటే, మీకు బాకీ ఉన్న నా రహస్యం ఇదే. పిడుగు చదువు మానేసింది. ఆ సంగతి ఏడుస్తూ నాకు ఫోన్ చేసి చెప్పింది. "నాన్నకు తెలిస్తే చంపేస్తాడమ్మా, చెప్పావో నీతో జన్మలో మాట్లాడను" అని ఒట్టు వేయించుకుంది. ఇంకా హాస్టల్లోనే ఉండి పని వెతుక్కుంటున్నానని నాతో అంటోంది. ఆయనతో నా గుండె పేరు చెప్పింది, నాతో ఆయన కోపం పేరు చెప్పింది.

"అది మానేసిన సంగతి నాకు తెలుసు" అన్నాను.

"నీకు తెలుసా?"

"మీకు చెప్పొద్దంది."

ఆయన లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. "అయితే బాత్రూంలో నువ్వు మాట్లాడేది పిడుగుతోనా?"

"బాత్రూంలో నేనేం మాట్లాడాను?"

"కుళాయి తిప్పి లోపల కూర్చునేదానివి. ఎవరైనా చెయ్యో మొహమో కడుక్కుంటే నీళ్ల చప్పుడు మారుతుందే. అడ్డం తగిలినప్పుడు ఒకలా, తగలనప్పుడు ఒకలా. ఆ చప్పుడు ఎంతసేపున్నా మారేది కాదు. నీళ్లు ఊరికే పోతున్నాయి, ఈవిడ లోపల ఎవరితోనో మాట్లాడుతోంది అనుకున్నా. ఎవడో ఉన్నాడనుకున్నా." ఆయన తాళంచెవి వైపు చూశాడు. "ఉన్నాడనే అనుకుని ఇల్లు వదిలి వెళ్లా."

నాకు తిట్టాలనిపించింది. నవ్వాలనీ అనిపించింది. నన్ను! బీరువా అద్దంలో సరిగ్గా చూసుకోవడానికే తీరిక లేని నన్ను! అంతలో నా చూపు టీపాయ్ మీద పడింది.

"మరి ఈ వెంట్రుక?"

"అక్కడొక ముసలి కుక్క ఉంది. బంగారు రంగుది. నేను వెళ్తే చాలు, నా కాళ్ల మీద తల పెట్టుకుని పడుకుంటుంది."

పెద్ద అద్దం కింద పెట్టి, లైటేసి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, రంగేసిన జుట్టని తేల్చిన మనిషిని నేను. షాపులో అందరూ నా కళ్లకు దండం పెడతారు. ఆ కుక్కతో మూడు రాత్రులు కలలో పోట్లాడాను. గడ్డం డాక్టరు గడ్డంలోనే నవ్వు దాచుకున్నాడు, డాక్టరమ్మ దాచుకోలేదు.

నేనూ నవ్వాను గానీ మధ్యలోనే ఏడుపొచ్చేసింది. అది ఎక్కడ పనిచేస్తోందో ఆయనకు చెప్పింది. నాకు చెప్పలేదు. ఆయన వెళ్లి దాన్ని చూస్తున్నాడు, పక్కన కూర్చుంటున్నాడు, నేనేమో కుళాయి పక్కన గొంతు మాత్రం వింటున్నాను. మొగుడికి ఇంకో ఆడది ఉందనుకున్నప్పుడు కూడా నాకు ఇంత బాధ కలగలేదు. ఆ మాట పైకే అన్నాను.

డాక్టరమ్మ నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. "ఒకటి అడుగుతాను. అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు మీరిద్దరూ ఎలా మాట్లాడుకునేవాళ్లు?"

"మామూలుగానే" అన్నాం ఇద్దరం.

"మామూలుగా అంటే?"

గుర్తు చేసుకున్నాను. మీ నాన్నను భోజనానికి రమ్మను. మీ అమ్మకు చెప్పు, ఆలస్యమవుతుందని. మీ నాన్నకు కోపం తగ్గిందేమో చూసిరా. మీ అమ్మ ఏమంటోంది నా గురించి? ఆ గది నుంచి ఈ గదికి, ఈ గది నుంచి ఆ గదికి తిరుగుతూనే పెరిగింది పిడుగు. ఎవరి దగ్గర ఏం చెప్పాలో, ఏం మింగాలో దానికి బాగా తెలుసు.

"అది హాస్టలుకు వెళ్లాక మాకు మధ్యలో మనిషి లేకుండా పోయింది" అన్నాడు మా ఆయన. ఆయన నోటి వెంట అలాంటి మాట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"అందుకే ఆ పని మా ఇద్దరికీ ఇచ్చారు" అంది డాక్టరమ్మ. "మీ అమ్మాయి చేసినట్టే మేమూ చెరో రహస్యం మోశాం. ఎంత బరువో ఇప్పుడు మాకు తెలిసింది."

నేను ఫోను తీశాను. "అయితే ఇప్పుడే దానికి ఫోన్ చేస్తాను. ఇద్దరం కలిసి మాట్లాడతాం."

"ఇవాళ వద్దు" అన్నాడు గడ్డం డాక్టరు. చాలా త్వరగా అన్నాడు. "వచ్చే వారం, కాస్త ఆలోచించుకుని..."

"ఎందుకు వద్దు?" అంది డాక్టరమ్మ.

ఆయన తన నీళ్ల గ్లాసు అందుకున్నాడు. జవాబు చెప్పేవరకు ఆగే ఓపిక నాకు లేదు. ఫోను టీపాయ్ మీద, తాళంచెవికీ వెంట్రుకకూ మధ్య పెట్టి స్పీకరు నొక్కాను.

"చెప్పమ్మా" అంది పిడుగు. వెనక కుక్కలు మొరుగుతున్నాయి. ఇన్నాళ్లూ ఆ మొరుగుడు విని హాస్టలు వీధిలో కుక్కలెక్కువ అనుకునేదాన్ని.

"నేనూ ఉన్నానే" అన్నాడు మా ఆయన.

అవతల మాట ఆగిపోయింది. కుక్కలు మాత్రం ఆగలేదు. తలుపు వేసిన చప్పుడైంది, మొరుగుడు దూరమైంది. తర్వాత దాని గొంతు వచ్చింది. చిన్నప్పుడు జ్వరం వస్తే వచ్చే గొంతు.

"ఇద్దరిలో ముందు ఎవరు చెప్పేశారు?"

ముందు చెప్పింది ఆయన. నలుగురి ఎదుట చెప్పాడు, సాక్ష్యం కావాలంటే ఇద్దరు డాక్టర్లున్నారు. నిన్నటిదాకా అయితే "మీ నాన్నేనే" అని టక్కున అనేసేదాన్ని. అలా అంటే పిడుగు నా పక్షానికి వచ్చేస్తుంది, ఆయన ఇంటికీ కూతురికీ కూడా దూరమవుతాడు. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. అనేస్తానని ఎదురుచూస్తున్నాడు. అడ్డు చెప్పే ఉద్దేశం కూడా ఆయనలో కనిపించలేదు.

"నేనే" అన్నాను.

"నేనే" అన్నాడాయన, అదే క్షణంలో.

మా ఆయన చెయ్యి చాపి టీపాయ్ మీది తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు. నన్ను అడగలేదు. నేనూ వద్దనలేదు. వెంట్రుకను పొట్లంతో సహా నలిపి నా సంచిలో పడేశాను.

"మీరిద్దరూ కలిసి అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి" అంది పిడుగు. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "పర్లేదులే. మీరు ఇవాళ చెప్పేసుకుంటారని నాకు పొద్దున్నే తెలుసు."

"పొద్దున్నేనా? ఎలా తెలుసే?"

"చెప్పకూడదమ్మా. ఒట్టేశాను."

"ఎవరికి?"

ఫోను పెట్టేసింది.

మేం నోరు విప్పుతామని మాకే పొద్దున తెలియదు. తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు, ఆ ఇద్దరూ ఈ గదిలోనే ఉన్నారు. డాక్టరమ్మ కళ్లజోడు పెట్టుకుని మెల్లగా తలుపు వైపు తిరిగింది. నేనూ తిరిగాను. మా ఆయనా తిరిగాడు.

గడ్డం డాక్టరు గ్లాసెత్తి నీళ్లు తాగుతున్నాడు. తాగుతూనే ఉన్నాడు. గ్లాసులో నీళ్లు లేవు.